హైబ్రిడ్ బండి గేర్‌బాక్స్ ఆయిల్ ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా?

ప్రశ్న: మాది విశాఖలో మధురవాడ. సెకండ్ హ్యాండ్‌లో 2015 మోడల్ టొయోటా కామ్రీ హైబ్రిడ్ కొన్నాను. లక్షా పదివేల కిలోమీటర్లు తిరిగింది. గేర్‌బాక్స్ ఆయిల్ ఎప్పుడైనా మార్చారో లేదో అమ్మినాయనకే తెలీదు. ఒక మెకానిక్ ‘అది లైఫ్‌టైమ్ ఆయిల్, ముట్టుకోవద్దు’ అన్నాడు. ఇంకో షెడ్డులో ‘మెషిన్ పెట్టి ఫ్లష్ చేయాల్సిందే’ అన్నారు. ఇంజిన్ ఆయిల్ నేనే మార్చుకుంటాను, జాకీ, పానాలు అన్నీ ఉన్నాయి. ఇది కూడా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నేనే చేద్దామని సీవీటీ ఆయిల్ నాలుగు లీటర్ల డబ్బా కొన్నాను. మా ఆవిడ మాత్రం ‘కరెంటు బండి కిందకి దూరితే ఊరుకోను’ అంటోంది. ఏం చేయమంటారు? పనిలో పనిగా మా బావమరిది ఎర్టిగా స్మార్ట్ హైబ్రిడ్‌కి కూడా మార్చేయొచ్చా?

సమాధానం: మార్చండి. ఇంజిన్ ఆయిల్ మార్చే అలవాటున్న చేతికి ఇది మించిన పనేమీ కాదు. కానీ ఆ సీవీటీ డబ్బా సీలు తీయకుండా ఉంటే రేపే పట్టుకెళ్లి దుకాణంలో తిరిగిచ్చేయండి. మీ బండికి అది పనికిరాదు.

మీ ఆవిడ భయంతోనే మొదలుపెడతాను. ఆమె భయపడటం సబబే. మీ కామ్రీలో వెనక సీటు వెనకాల ఉన్న పెద్ద బ్యాటరీ 244.8 వోల్టులది. దాన్ని ఇన్వర్టర్ 650 వోల్టుల దాకా పెంచి మోటార్లకు పంపుతుంది. ప్రాణం తీసే కరెంటే అది. అయితే ఆయిల్ మార్చే పనిలో ఆ కరెంటు తీగల జోలికి వెళ్లాల్సిన అవసరం ఒక్కసారి కూడా రాదు. ఆ తీగలన్నిటికీ నారింజ రంగు తొడుగు ఉంటుంది. నారింజ రంగు కనబడితే చెయ్యి పెట్టకూడదు, పానా ఆనించకూడదు, పక్కకి లాగకూడదు. బండి పూర్తిగా ఆఫ్ చేస్తే పెద్ద బ్యాటరీ దగ్గరున్న రిలేలు, అంటే స్విచ్చులు, తెరుచుకుని, కరెంటు ఆ పెట్టె దాటి బయటికి రాకుండా ఆగిపోతుంది.

అసలు భయపడాల్సింది ‘రెడీ’ దీపానికి. హైబ్రిడ్ బండి రెడీలో ఉన్నప్పుడు చప్పుడు చేయకుండా నిలబడి ఉంటుంది. ఆగిపోయిందనుకుని మనం కిందకి దూరతాం. బ్యాటరీ ఛార్జ్ కాస్త తగ్గగానే ఇంజిన్ దానంతటదే స్టార్టవుతుంది. అందుకని బండి ఆఫ్ చేసి, డాష్‌బోర్డు మీద దీపాలన్నీ ఆరాయని కళ్లతో చూసుకుని, తాళం తీసుకెళ్లి మీ ఆవిడ చేతికిచ్చి పైకి పంపండి. అది దగ్గరుంటే చాలు పనిచేసే రిమోట్ తాళం కాబట్టి, మీ ఫ్లాట్ మొదటి అంతస్తులోనే ఉంటే ఇంకాస్త దూరంలో పెట్టించండి. ఇంకా ధైర్యం కావాలంటే 12 వోల్టుల చిన్న బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయండి. మీ బండిలో అది డిక్కీలో ఉంటుంది కాబట్టి, తీగ తీశాక పని అయ్యేదాకా డిక్కీ మూయకండి.

ఇక ఆయిల్ సంగతి. దుకాణంలో ‘ఆటోమేటిక్ అండీ, ఈ-సీవీటీ అండీ’ అని చెప్పి ఉంటారు, వాళ్లు సీవీటీ ఆయిల్ ఇచ్చి ఉంటారు. రెండింట్లోనూ సీవీటీ అన్న మాట ఉందే గానీ లోపలి యంత్రాలకు పోలిక లేదు. మామూలు సీవీటీలో రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్టు తిరుగుతుంది. ఆ బెల్టు జారకుండా పట్టు దొరికేలా దాని ఆయిల్‌లో మందులు కలుపుతారు. మీ కామ్రీ గేర్‌బాక్స్ పెట్టెలో బెల్టూ లేదు, క్లచ్చూ లేదు, ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్లకి అందించే టార్క్ కన్వర్టరూ లేదు. రెండు మోటార్లు, వాటిని ఇంజిన్‌తో కలిపే ప్లానెటరీ గేర్లు, అంతే. ఆ ఆయిల్ గేర్లకీ బేరింగులకీ నునుపు ఇవ్వాలి, మోటార్ల రాగి చుట్టల మీదుగా పారి వేడి లాగాలి, ఆ చుట్టల మీదున్న పూతకి ఏళ్ల తరబడి హాని చేయకుండా ఉండాలి. మీ మోడల్‌కి టొయోటా చెప్పింది ఏటీఎఫ్ డబ్ల్యూఎస్. అదొక్కటే పోయండి. ‘అన్ని బళ్లకీ సరిపోతుంది’ అని రాసి ఉన్న డబ్బాతో మిగిలే కొద్ది డబ్బు కోసం మోటార్లున్న పెట్టెతో పందెం కట్టొద్దని నా మాట. డీలర్ పార్ట్స్ కౌంటర్లోనే బిల్లుతో కొనండి, మూత సీలు చూసి తీసుకోండి. రెండు బోల్టులకూ కొత్త వాషర్లు కూడా అక్కడే అడగండి. మీ బండికి ఎంత పడుతుందో మాన్యువల్‌లో చూసుకుని, దానికి ఒక లీటరు ఎక్కువే తెచ్చుకోండి.

ఇది చదువుతున్న మిగతా హైబ్రిడ్ యజమానులకు ఒక మాట. టొయోటా అయినంత మాత్రాన అన్నిటికీ డబ్ల్యూఎస్ అనుకోకండి. కొత్త తరం హైబ్రిడ్లలో కొన్నిటికి ఈ-ట్రాన్సాక్సిల్ ఫ్లూయిడ్ టీఈ అని వేరే ఆయిల్ వచ్చింది. హోండా సిటీ హైబ్రిడ్ అయితే లోపలి ఏర్పాటే వేరు. మీ మాన్యువల్‌లో ఉన్న పేరే మీ ఆయిల్ పేరు.

ఆ ‘లైఫ్‌టైమ్’ మాట మెకానిక్ ఊరికే అనలేదు. మామూలు వాడకానికి ఈ ఆయిల్‌ని తనిఖీ చేయమని చెబుతారే గానీ ఇన్ని కిలోమీటర్లకి మార్చమని చాలా షెడ్యూళ్లలో ఉండదు. కానీ మన ఊళ్లో తిప్పే బండిది మామూలు వాడకమేనా? మధురవాడ నుంచి హనుమంతవాక మీదుగా ఎన్‌ఏడీ దాకా పొద్దున్న పూట వెళ్లి చూడండి. ఆగడం, కదలడం, ఆగడం. తక్కువ వేగంలో బండిని కదిపే భారం ఎక్కువగా మోటారు మీదే పడుతుంది, ఆ వేడి ఆయిల్‌లోకే దిగుతుంది. సెలవొస్తే సింహాచలం ఘాట్, లేకపోతే ఎస్.కోట దాటి అనంతగిరి మీదుగా అరకు. దిగేటప్పుడు సంగతి ఇంకా గట్టిది. బ్రేకు వేసిన ప్రతిసారీ మోటారు జనరేటరై బ్యాటరీ నింపుతుంది. ఘాట్ సగంలోనే బ్యాటరీ నిండిపోతే ఆ మిగులు శక్తి ఎటైనా పోవాలి కదా, అప్పుడు చిన్న మోటారు ఇంజిన్‌ని ఊరికే తిప్పి దాన్ని ఖర్చు చేస్తుంది. దిగుడులో పెట్రోలు కాలకపోయినా ఇంజిన్ హోరుమనేది అందుకే. అరకు వెళ్లొచ్చిన హైబ్రిడ్ యజమానులందరూ ఆ హోరు విని బెదిరే ఉంటారు. అది జబ్బు కాదు. కానీ అంత పనీ జరిగేది ఈ ఆయిల్‌లోనే.

అందుకని లక్ష కిలోమీటర్లు దాటి, పాత చరిత్ర తెలియని బండికి ఒకసారి మార్చేయడమే మంచిదని నా అభిప్రాయం. నాలుగైదు లీటర్ల ఆయిల్‌కీ, ఆ పెట్టె పాడైతే అయ్యే ఖర్చుకీ పొంతనే లేదు.

ఫ్లష్ మెషిన్ మాత్రం వద్దు. మామూలు ఆటోమేటిక్‌లో బోల్టు తీస్తే సగం ఆయిలే దిగుతుంది, మిగతాది టార్క్ కన్వర్టర్‌లో ఉండిపోతుంది. అందుకే అక్కడ మెషిన్ మాట వచ్చింది. మీ పెట్టెలో టార్క్ కన్వర్టరే లేదు కాబట్టి కింద బోల్టు తీస్తే దాదాపు అంతా దిగిపోతుంది. లేని రోగానికి మందు ఎందుకు?

ఇప్పుడు సెల్లార్. నన్నడిగితే ఈ మొత్తం పనిలో మీరు ఎక్కువ ఆలోచించాల్సింది దీని గురించే. మన విశాఖలో చదునైన నేల దొరకడమే కష్టం. సీతమ్మధార నుంచి మధురవాడ దాకా సగం వీధులు వాలుగానే ఉంటాయి. సెల్లార్ నేల చదునుగా కనబడుతుందే గానీ, వాననీరు పోవడానికి ఒకవైపు వాటం పెట్టే కడతారు. ఈ గేర్‌బాక్స్‌కి కొలపుల్ల ఉండదు. ఆయిల్ పోసే చోట ఉండే ఫిల్లర్ బోల్టు రంధ్రం అంచే కొలత. బండి వాలుగా ఉంటే రంధ్రం దాకా నిండినట్టు కనబడుతూనే అర లీటరు తక్కువో ఎక్కువో ఉండిపోవచ్చు. కాబట్టి ముందు మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చి నేల మీద పెట్టి చూడండి. ముందు చక్రాల వైపు మాత్రమే జాకీతో లేపి ఆయిల్ పోస్తే అదీ ఇదే తప్పు. నాలుగు మూలలూ సమానంగా లేపి నాలుగు స్టాండ్ల మీద నిలబెట్టాలి. మీ బండి ఒకటిన్నర టన్నుకి పైనే బరువు. స్టాండ్లు ఆ బరువుకి తగ్గవై ఉండాలి, బండి కింద మాన్యువల్ చూపించిన చోటే ఆనాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు, ఒట్టి జాకీ నమ్ముకుని దయచేసి కిందకి దూరకండి. హైబ్రిడ్ కరెంటు గురించి అంత భయపడే మనం జాకీ గురించి భయపడం. బళ్ల కింద మనుషులు నలిగిపోయేది జాకీ జారే. మీ ఆవిడకి ఈ పేరా చదివి వినిపించండి, ఆమె కాపలా కాయాల్సింది దీన్నే.

నాలుగు స్టాండ్లు లేవా? అయితే ఇంకో దారి ఉంది, నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది. బళ్లు కడిగే సర్వీసింగ్ సెంటర్లలో బండిని చదునుగా పైకి లేపే ర్యాంపు ఉంటుంది. రద్దీ లేని మధ్యాహ్నం వెళ్లి, వాళ్లకి ఏదో కొంత ఇచ్చి గంటసేపు ర్యాంపు అడగండి. ఆటోనగర్‌లోనూ అలా ఇచ్చే షెడ్లు దొరుకుతాయి. పని మీదే, చేతులు మీవే. నడుం నొప్పి ఉండదు, బండి సమంగా ఉంటుంది, అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌తో తగవూ ఉండదు.

కింద ఏ బోల్టు విప్పాలో చూసుకోవడంలోనే ఎక్కువమంది బోల్తా పడతారు. ఇంజిన్ ఆయిల్ మారుద్దామనుకుని గేర్‌బాక్స్ ఆయిల్ దించేసినవాళ్లు, దానికి తిరగేసినవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. అమెరికా వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్లకి ఇంకో చిక్కు. వాళ్లు ‘డ్రైవర్ వైపు’ అంటే ఎడమ వైపు. మన డ్రైవర్ కూర్చునేది కుడి వైపు. గేర్‌బాక్స్ మాత్రం అక్కడా ఇక్కడా బండి ఎడమ వైపే ఉంటుంది, అంటే మనకి ముందు సీటు ప్రయాణికుడి వైపు. గుర్తు పట్టడం తేలిక. బానెట్ ఎత్తండి. నారింజ తీగలు వచ్చి కలిసే ఇన్వర్టర్ పెట్టె కనబడుతుంది. దాని కిందున్నదే గేర్‌బాక్స్. కొన్ని టొయోటా హైబ్రిడ్లలో గేర్‌బాక్స్ డ్రెయిన్ బోల్టు పక్కనే కూలెంట్ దించే బోల్టు కూడా ఉంటుంది. ఏది ఏదో మాన్యువల్ బొమ్మతో పోల్చుకున్నాకే పానా పట్టండి. మొదట కారే నాలుగు చుక్కలు చూసినా చాలు. గులాబీ రంగులో నీళ్లలా పలచగా ఉంటే కూలెంట్, వెంటనే బిగించేయండి. తేనె రంగో నలుపో అయి ఇంజిన్ ఆయిల్ వాసన వస్తే అదీ తప్పు బోల్టే. డబ్ల్యూఎస్ కొత్తగా ఉన్నప్పుడు ఎర్రగా ఉంటుంది, వాడిన కొద్దీ ముదురుతుంది, కానీ ఎర్ర జీర ఎంతో కొంత మిగులుతుంది.

పని వరసలో ఒక్క నియమం మాత్రం మరిచిపోవద్దు. ముందు పైనున్న ఫిల్లర్ బోల్టు విప్పాలి, ఆ తరవాతే కింది డ్రెయిన్ బోల్టు. సముద్రపు గాలికి మన ఊరి బళ్ల కింద బోల్టులు తుప్పుతో బిగుసుకుపోతాయి. రుషికొండ, భీమిలి వైపు ఎక్కువ తిరిగే బళ్ల సంగతి చెప్పక్కర్లేదు. ఆయిలంతా దించేశాక ఫిల్లర్ బోల్టు రాలేదంటే బండి అక్కడే కూలబడుతుంది. అప్పుడు తాడు కట్టి లాక్కెళ్లడానికీ లేదు. ముందు చక్రాలు తిరిగితే లోపల మోటార్లూ తిరుగుతాయి, ఆయిల్ లేని పెట్టెలో అది సర్వనాశనం. ఆయిల్ ఉన్నప్పుడు కూడా ఈ బళ్లని ముందు చక్రాలు రోడ్డుకి ఆనించి లాగకూడదు, లారీ మీద ఎక్కించే తీసుకెళ్లాలి. కాబట్టి ముందురోజు రాత్రే ఫిల్లర్ బోల్టు చుట్టూ తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి. బోల్టు తలకి సరిగ్గా సరిపోయే పానాయే వాడండి. కొన్ని మోడళ్లలో బయట పట్టే తల ఉంటుంది, కొన్నిట్లో లోపల ఎల్ కీ పెట్టే గుంట ఉంటుంది. లూజుగా ఉన్న పానాతో తల అరగదీస్తే తరవాత వెల్డింగు వాడే దిక్కు.

ఒక పావుగంట బండి నడిపి, చెయ్యి ఓర్చుకునే వేడికి చల్లారనిచ్చి, తొడుగులు వేసుకుని దించండి. దిగిన ఆయిల్‌ని ఊరికే పారబోయకుండా కొలత గీతలున్న డబ్బాలో పోసి ఎంత వచ్చిందో రాసుకోండి. అది మాన్యువల్ చెప్పిన అంకెకి దగ్గరగా ఉంటే సంతోషం. బాగా తక్కువైతే ఎక్కడో సీలు కారుతుండొచ్చు, కింద తడి మరకలు వెతకండి. నల్లబడిన ఆయిల్ చూసి గాభరా పడకండి. బోల్టుకి అంటిన మెత్తటి బూడిద రంగు గుజ్జు కూడా గేర్ల మామూలు అరుగుదలే. వేలికి గుచ్చుకునే పొళ్లు, మెరిసే ముక్కలు కనబడితే మాత్రం కొత్త ఆయిల్ పోసినంత మాత్రాన నయం కాదు, సర్వీస్ సెంటర్‌కి చూపించాల్సిందే. పాలు కలిసినట్టు తెల్లగానో లేత గులాబీగానో ఉంటే లోపలికి నీళ్లో కూలెంటో చేరింది. మన ఊళ్లో తుపాను వానలకి లోతట్టు రోడ్లు చెరువులైపోవడం కొత్త కాదు. చక్రం సగం మునిగే నీళ్లలో బండి దిగిందంటే, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని చూడకుండా ఈ ఆయిల్ ఓసారి తనిఖీ చేయించండి.

డ్రెయిన్ బోల్టుకి కొత్త వాషర్ వేసి, ముందు వేళ్లతోనే తిప్పుతూ ఎక్కించండి. పెట్టె అల్యూమినియంది. మర అడ్డంగా పడిందంటే ఇక దాన్ని ఎవరూ బాగుచేయలేరన్నంత పని పెడుతుంది. బలం ఉంది కదా అని బిగించకుండా బిగువు కొలిచే పానా, అంటే టార్క్ రెంచితో, మాన్యువల్ అంకెకి బిగించండి. టొయోటా ప్రియస్‌లో ఆ అంకె 39 న్యూటన్ మీటర్లు, దాన్నిబట్టి ఎంత కొద్ది బిగువో అర్థమవుతుంది. మీ కామ్రీ అంకె మీ పుస్తకంలోంచే తీసుకోండి.

ఆయిల్ పోయడానికి పైనుంచి గరాటు, పొడుగాటి పారదర్శక గొట్టం చాలు. మేస్త్రీలు మట్టం చూసుకునే గొట్టం లాంటిదే హార్డ్‌వేర్ దుకాణంలో రెండు మీటర్లు కొనుక్కోండి. కానీ మేస్త్రీ వాడిన గొట్టం అడిగి తేవద్దు, అందులో నీటి చుక్క ఉన్నా మీ గేర్‌బాక్స్‌లోకే వెళ్తుంది. గొట్టం కొస ఫిల్లర్ రంధ్రంలో పెట్టి నెమ్మదిగా పోయండి. దించినంత కొలతకి వచ్చాక ఆగి, పది నిమిషాలు చూసి, రంధ్రంలోంచి సన్నగా కారడం మొదలయ్యేదాకా కొద్దికొద్దిగా పోయండి. కారడం ఆగినప్పుడు మట్టం అంచు దగ్గర నిలుస్తుంది. అంచుకి కింద 10 మిల్లీమీటర్ల లోపు ఉంటే చాలామటుకు మోడళ్లలో సరైన మట్టం. ఎక్కువ పోసి మూసేస్తే గేర్లు ఆయిల్‌ని చిలికి నురగ చేస్తాయి, కాబట్టి ‘ఇంకాస్త ఉంటే మంచిదే’ అనుకోకండి. ఫిల్లర్ బోల్టుకీ కొత్త వాషర్ వేసి బిగించండి. 12 వోల్టుల తీగ తీసి ఉంటే తగిలించండి. ఓ ఐదు కిలోమీటర్లు తిరిగొచ్చి, బండి చల్లారాక, మళ్లీ సమంగా నిలబెట్టి మట్టం ఒకసారి చూడండి. ఆ రాత్రి బండి కింద అట్టముక్క పరిచి పడుకోండి, చుక్క పడిందో లేదో పొద్దున్నే తెలుస్తుంది.

పాత ఆయిల్‌ని కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాల్లోనే పోసి, మూతలు బిగించి, సర్వీస్ సెంటర్‌లోనో, వాడిన ఆయిల్ తీసుకుని అనుమతి ఉన్న రీసైక్లర్లకి పంపే షెడ్డులోనో ఇవ్వండి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కింద వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థమే. సెల్లార్ కాలువలో పోస్తే అది గెడ్డలోకి, అంటే వాగులోకి, గెడ్డలోంచి నేరుగా సముద్రంలోకి వెళ్తుంది. మన ఊళ్లో ఈ దారి ఎంత పొట్టిదో బీచ్ రోడ్డు మీద నిలబడి గెడ్డ కలిసే చోటు చూసినవాళ్లకి తెలుసు. వాచ్‌మన్ ‘నాకివ్వండి బాబూ, కుక్కకి గజ్జి పట్టింది, పూస్తా’ అంటాడేమో. ఇవ్వొద్దు. కుక్క దాన్ని నాకుతుంది, చర్మంలోంచి కూడా లోపలికి దిగుతుంది, పాపం దాని ప్రాణానికే ముప్పు. గజ్జికి పశువుల డాక్టర్ దగ్గర మందులున్నాయి.

బిల్లు, తేదీ, కిలోమీటర్లు, ఎంత దిగింది, ఎంత పోశారు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి బండి కాగితాల్లో పెట్టండి. రేపు మీరు అమ్మినప్పుడు కొన్నాయనకి ఈ సందేహం ఉండదు. వారంటీలో ఉన్న కొత్త హైబ్రిడ్లవాళ్లు మాత్రం సొంతంగా చేయకుండా కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనే చేయించుకోండి. రేపు ఏదైనా క్లెయిమ్ వస్తే వాళ్ల రికార్డే మీకు సాక్ష్యం.

మీ బావమరిది ఎర్టిగా మాట. దానికి ఇది వర్తించదు. పేరులో హైబ్రిడ్ ఉన్నా అందులో ఇంజిన్‌కి కాస్త సాయం చేసే చిన్న మోటారు జనరేటరే ఉంటుంది, గేర్‌బాక్స్ మామూలు మాన్యువలో, టార్క్ కన్వర్టర్ ఉన్న ఆటోమేటిక్కో అయి ఉంటుంది. మాన్యువల్ అయితే గేర్ ఆయిల్ మార్చడం మీరు చేయగల పనే, ఆయిల్ రకం మారుతి పుస్తకంలో చూసుకోండి. ఆటోమేటిక్ అయితే బోల్టు తీసినా ఆయిలంతా దిగదు, మట్టం చూసే పద్ధతి కూడా వేరు. దాన్ని మీ సెల్లార్‌లో మొదలుపెట్టకండి, షెడ్డుకి పంపించండి.